వాలంటీర్లు పారిపోతే ఎంత హాయి!

సేవాసంస్థ సుఖంగా నడవాలంటే అందులో వాలంటీర్లు ఉండకూడదు. ఆశ్చర్యపోకండి! హన్మకొండలో తొమ్మిదేళ్లుగా ఓ సంస్థకు అధ్యక్షుణ్ణి. నలభై ముగ్గుర్ని పారిపోయేలా చేసిన అనుభవంతో చెబుతున్నాను.

చూపులేని విద్యార్థులు జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని పరీక్ష రాసిపెట్టడం మా సంస్థ పని. వాలంటీర్లు వచ్చేవారు, రాసేవారు, వెళ్లిపోయేవారు. ఇదేం పద్ధతి? సేవకు ఒక సంస్కృతి వద్దా?

అందుకే ఆ సంస్కృతిని ప్రవేశపెట్టాను. ప్రతి ఆదివారం ఓరియెంటేషన్. మొదట నా ప్రారంభోపన్యాసం, చివర నా ముగింపు ఉపన్యాసం, మధ్యలో నా అనుభవాలు. నా ఫొటోతో టీషర్టులు. మూడేళ్లుగా ఏటా ఉత్తమ వాలంటీరు అవార్డు. గట్టి పోటీని తట్టుకుని మూడేళ్లూ నేనే గెలిచాను! లెటర్‌హెడ్ మీద నా పేరు పక్కన బంగారు రంగులో ‘బి.ఏ.’

ఒక్కొక్కరే మాయమయ్యారు. ఎంత లాభం! సమోసాలన్నీ నావే. ఉపన్యాసం మధ్యలో ఆవులించేవాడు లేడు. వాట్సాప్ గ్రూపులో నా గుడ్ మార్నింగ్‌కు నేనే గుడ్ మార్నింగ్. ఇంతటి క్రమశిక్షణ ఏ సంస్థలో ఉంది?

ఈ ప్రశాంతతను నర్సంపేట సింధు చెడగొట్టింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. చూపు లేదు. ఈ పేపరు పోతే ఏడాది పోయినట్టే.

“సార్, రేపు పదింటికి పరీక్ష. రాయనీకి ఎవరొస్తాండ్రు?”

“ఫికర్ చెయ్యకు బిడ్డా!” అని పారిపోయినవాళ్లలో ఒకడైన నవీన్‌కు ఫోన్ కొట్టాను.

“నేను ఊర్ల లేను సార్, మరిపెడల ఉన్న. ఉన్నా భయమే. పోయినసారి మూడు గంటలు పరీక్ష రాసిన, తెల్లారి నాలుగు గంటలు మీ స్పీచ్ విన్న. పరీక్షే నయమనిపిచ్చింది.”

మిగతా నలభై ఇద్దరి ఫోన్లూ ఒకే రోజు పాడయ్యాయి.

“మీరే పోరాదుండ్రి?” అంది నా భార్య నిర్మల.

“రాసిపెట్టేవాళ్లు విద్యార్థి కంటే తక్కువ చదివి ఉండాలని రూల్. నేను బీఏ!”

తొమ్మిదేళ్లుగా ఒక్క పేపరూ రాయకుండా నన్ను కాపాడిన రూల్ అది. నిర్మల పెట్టె అడుగు నుంచి ఓ కాగితం తీసి నా జేబులో పెట్టింది.

“ఏ బీఏ? బయటోళ్లకు చెప్పుండ్రి. నాకెందుకు?”

మర్నాడు పదికి పది నిమిషాలు తక్కువ. పరీక్షా కేంద్రంలో క్లర్కు లక్ష్మీనారాయణ నా లెటర్‌హెడ్ చూసి తల అడ్డంగా ఊపాడు.

“మీరు బీఏ గద సార్. నడ్వది.”

గేటు మూస్తున్నారు. వెనక పదిమంది. సింధు నా మోచెయ్యి వదల్లేదు. “ఎట్ల మరి సార్?”

జేబులోంచి కాగితం తీశాను. నా డిగ్రీ మెమో. నాలుగు సబ్జెక్టుల్లో ఫెయిల్! మళ్లీ రాసిందీ లేదు.

లక్ష్మీనారాయణ ముఖం వెలిగిపోయింది. “గిది ముందుగల్ల చెప్పొద్దా సార్! మీరు పక్కా పనికొస్తరు. ఉరుకుండ్రి!”

నా మార్కులు చూసి సంతోషించిన మొదటి మనిషి ఆయనే.

లోపల కూర్చోగానే సింధు మెల్లగా అంది: “నేను చెప్పింది రాయుండ్రి సార్. మధ్యల మీరేం చెప్పకుండ్రి.”

మూడు గంటలు నోరు మూసుకున్నాను! పెళ్లిపీటల మీద కూడా అంతసేపు మూయలేదు. అప్పట్లో నన్ను ముంచిన ప్రశ్నకు జవాబు కూడా ఆ రోజే తెలిసింది.

బయటికొచ్చాక సింధు ఒకటే మాట అంది. “ఎల్లుండి పేపరుకు గూడ మీరే రాండ్రి సార్.”

శాలువా లేదు. ఫొటో లేదు. అయినా ఎల్లుండి ఎప్పుడొస్తుందా అని కాలు నిలవడం లేదు. ఆ నలభై ముగ్గురూ ఇందుకోసమే వచ్చేవారా?

ప్రస్తుతం మా సంస్థలో నికరంగా ఒక వాలంటీరు ఉన్నాడు. చేతిరాత పర్వాలేదు. ఇతనైనా పారిపోకుండా చూసుకోవాలి కదా! అందుకే ఆదివారం మీటింగులు రద్దు చేశాను. అధ్యక్షుడు ఎంత బతిమాలుతున్నా మైకు ఇవ్వడం లేదు.