దారం బుట్టల దానధర్మం

పుణ్యం కావాలా? కాశీకి వెళ్లకండి. ఇంట్లో కూర్చుని సిల్కు దారంతో చెవులకు బుట్టలు చేయండి!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. తెనాలిలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద మూడేళ్లుగా ఈ యజ్ఞం చేస్తున్నదాన్ని నేను. ఆ టేబుల్ మీద అన్నం తిని ఎన్నాళ్లయిందో మా ఆయన్ని అడగండి, తేదీతో సహా చెబుతారు.

సరంజామా పెద్దదేం కాదు. జుంకా ఆకారంలో ప్లాస్టిక్ బేసులు, రంగురంగుల దారం రీళ్లు, పూసలు, తళుకు రాళ్ల గొలుసు, అతికించడానికి గమ్, ఒక కటింగ్ ప్లేయర్. దారాన్ని బేసు చుట్టూ పోగు పక్కన పోగు పడేలా చుట్టుకుంటూ పోవాలి. ఒక్క పోగు పక్కకి జరిగిందా, మొత్తం విప్పి మళ్లీ మొదలు. ఒక జత పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది, కళ్లు మసకలు కమ్ముతాయి. చూసేవాళ్లు మాత్రం దాన్ని టైంపాస్ అంటారు.

అసలు వరం ఇక్కడుంది. బంగారప్పని చేసే ఆచారిగారి దగ్గరికెళ్లి "కమ్మలు భలే ఉన్నాయండి, ఓ జత ఇలా ఇవ్వండి" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. పాపం, ఆయనకి దానం చేసే యోగం లేదు! నాకుంది. "నీకేంటి, చేతిలో పనేగా!" అని ఒక్క మంత్రం చదివి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నా చేత పుణ్యం చేయించి వెళుతున్నారు.

వేటపాలెం పిన్ని ఆరు జతలు తీసుకెళ్లి, బదులుగా జీడిపప్పు పంపింది. పొట్లం విప్పితే అన్నీ ముక్కలే. కాకుమాను బాబాయి కూతురు తనకీ, తన ఫ్రెండ్‌కీ, ఫ్రెండ్ తోడికోడలికీ పట్టుకెళ్లింది. ఆ తోడికోడలు ఎవరో నాకిప్పటికీ తెలియదు. ఇక మా ఆయన! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆఫీసులో ఎవరింట్లో పుట్టినరోజైనా ఓ జత జేబులో వేసుకుని బయల్దేరతారు. మా పాలవాడి గేదె ఒక్కటే ఇంకా అడగలేదు. దానికి అడగడం రాక!

మొన్న రేపల్లె ప్యాసింజర్లో ఎదురు సీటావిడ నా చెవుల వంకే చూస్తూ కూర్చుంది. వేమూరు వచ్చేసరికి మాటల్లో చుట్టరికం తేలింది. భట్టిప్రోలు వచ్చేసరికి బుట్టలు చేతులు మారాయి, అంటే చెవులు మారాయి. నేను రేపల్లెలో చెవులకి చీపురుపుల్లలు పెట్టుకుని దిగాను. ఇంత తేలిగ్గా అహంకారం అణిగే మార్గం ఏ ఆశ్రమంలో దొరుకుతుంది, చెప్పండి?

ఈ పుణ్యకార్యాల్లోకెల్లా పెద్దది మొన్న బాపట్లలో జరిగింది. మా ఆయన అక్కయ్య, భువనేశ్వరి వదిన, వాళ్లమ్మాయి హిమబిందు నిశ్చితార్థానికి పదకొండు జతలు కావాలంది. ఏ చీరకి ఏ రంగో వాట్సాప్‌లో ఫోటోలు పెట్టింది. ఇది మామిడిపండు రంగు కాదు పసుపు అని రెండుసార్లు విప్పించింది. నేను అడిగింది ఒక్కటే.

"వదినా, ఎవరైనా అడిగితే వసుంధర చేసిందని చెప్పు, చాలు."

"అదేంటమ్మా, చెప్పనా!" అంది.

వదిన జత చివర్న చేశాను. గమ్ ఆరకముందే తీసుకెళ్లడానికి వచ్చేసింది. ఒక్కరోజు ఆగమంటే, "బాపట్ల వెళ్లేలోపు కారు ఏసీకి ఆరిపోతుందిలే" అని డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఫంక్షన్ హాల్లో నా బుట్టలు పదకొండు జతల చెవుల్లో ఊగుతుంటే, నిజం చెప్పొద్దూ, గుండె నిండిపోయింది. కాబోయే వియ్యపురాలు దేవకుమారిగారు రేపల్లె నుంచి వచ్చారు. ఆవిడ కళ్లు వదిన చెవుల మీదే ఉన్నాయి.

"బుట్టలు ఎంత బాగున్నాయి వదినగారూ! ఎక్కడ తీసుకున్నారండి?"

నేను పక్కనే తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. చీర కొంగు కూడా సర్దుకున్నాను.

"హైదరాబాద్‌లోనండి. బొటిక్‌లో ఆర్డరిచ్చి చేయించాం" అంది వదిన, కళ్లు కూడా ఆర్పకుండా.

నా ముఖం మీదే! మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. పొరుగింటి పుల్లకూర ముందు ప్యారిస్ కూడా పనికిరాదని ఆ రోజే తెలిసింది. అయినా నేను నవ్వుతూనే నిలబడ్డాను. దానం చేసినవాళ్లు ఫలం ఆశించకూడదు కదా!

ఇంతలో వియ్యపురాలికి గంధం రాయడానికి వదిన ముందుకు వంగింది. ఎడమ చెవికి దిద్దు మిగిలింది, బుట్ట ఊడి గంధం గిన్నెలో పడింది.

"వసుంధరా! ఏంటిది? ఇలాగేనా చేసేది? నలుగురిలో నా పరువు తీశావు కదే!"

హాలంతా వినపడింది. మెప్పు హైదరాబాద్ వెళ్లిపోయింది, తప్పు మాత్రం తెనాలి అడ్రసు తప్పకుండా వెతుక్కుంటూ వచ్చింది! దేవకుమారిగారు నా వైపు తిరిగారు.

"అయితే ఇవి నువ్వు చేసినవా అమ్మా?"

"అవునండి."

"పదకొండు జతలూ?"

"అవునండి."

దేవకుమారిగారు బుట్టని గంధం గిన్నెలోంచి తీసి, తన పట్టుచీర కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకు నాలుగు జతలు కావాలి. ఊరికే వద్దు, ఎంతో చెప్పు" అన్నారు. ఆ వెనకే రేపల్లె ఆడవాళ్లందరూ ఫోన్లు తీసి నా నంబరు అడిగారు. ఒకావిడ నా పేరు స్పెల్లింగుతో సహా రాసుకుంది.

మూడేళ్లు గట్టిగా అతికించి ఇచ్చినప్పుడు రాని పేరు, ఒక్క బుట్ట ఊడితే వచ్చింది. అందుకే ఇప్పుడు దేవకుమారిగారి ఆర్డర్లని రెండేసి రోజులు ఆరబెడుతున్నాను. చుట్టాలకి ఊరికే ఇచ్చేవాటికి మాత్రం ఈ మధ్య గమ్ కాస్త తక్కువ పూస్తున్నాను.