ఆరు సెంటీమీటర్ల జవాబులు

ఇరవై ఆరేళ్ల సర్వీసులో పై అధికారులకు చెప్పకుండా మింగేసిన జవాబులన్నీ వరాహమూర్తి ఎడమ కిడ్నీ మీది గ్రంథిలో ఆరు సెంటీమీటర్ల నీటితిత్తిగా చేరినట్టు స్కానింగులో తేలింది. సీనియర్ అసిస్టెంటుకి ఇదేం విశేషం కాదు. సూపరింటెండెంట్లకైతే రెండు వైపులా ఉంటాయి. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా, తన జవాబులు ఇంకా పెద్దవనుకున్నాడు మరి.

"క్యాన్సర్ కాదు, ప్రమాదమేం లేదు. ఒత్తుకుంటోంది, అందుకే నొప్పి," అన్నాడు డాక్టర్ కోదండపాణి. "పొట్ట కొయ్యక్కర్లేదండీ. మూడు చిన్న రంధ్రాలు చాలు. మర్నాడే ఇంటికెళ్లిపోవచ్చు."

"నాకు చెప్పకుండా మింగినవి కూడా అందులోనే ఉన్నాయాండీ?" అని అడిగింది భార్య సుభాషిణి. ఇంటివి పిత్తాశయంలో రాళ్లవుతాయని డాక్టర్ వివరించాడు. వరాహమూర్తి కుడి డొక్క తడుముకున్నాడు.

డ్యూటీ వేళల్లో తయారైన జవాబులు ఆఫీసు ఆస్తి. వాటిని తీయించాలంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. వరాహమూర్తి అర్జీ పెట్టాడు. అందులో వినయం చాల్లేదని ఆఫీసరు వెనక్కి పంపాడు. తిరగరాసి తెస్తే ఎక్కువైందన్నాడు. రెండుసార్లూ ఈయన "అలాగే సార్" అన్నాడు. తిత్తి నాలుగు మిల్లీమీటర్లు పెరిగింది. దాంతో అర్జీలో కొలతకీ కొత్త స్కానింగుకీ పొంతన కుదరక ఫైలు మళ్లీ తిరిగొచ్చింది. మూడు నెలలు ఇలాగే నడిచింది. నొప్పికి ఆయన నడుం వంచలేకపోయాడు. ఆఫీసులో ఆయనకి బాగా చేతనైన పని అదొక్కటే. పత్రం చేతికొచ్చిన రోజు ఏడుపొచ్చినంత పనైంది.

ఆపరేషన్ ముందు డాక్టర్ మంచం దగ్గరికొచ్చాడు.

"నీరు మాత్రం తోడేస్తే మళ్లీ నిండొచ్చండీ. తిత్తి గోడ కూడా తీసేస్తే ఇక చేరదు."

"చేరకపోతే జవాబులెక్కడికి పోతాయండీ?"

"నోట్లోంచి వచ్చేస్తాయి."

నొప్పితో విసిగిపోయిన మాట నిజమే. కానీ ఆఫీసరు ఎదురుగా తన నోరు తనంతట తాను మాట్లాడటం తలుచుకుంటే వరాహమూర్తికి నొప్పే నయమనిపించింది. నొప్పయితే అలవాటైందే.

"నీరు తోడెయ్యండి చాలు. తిత్తి ఉండనివ్వండి. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది నాకు."

డాక్టర్ ఆశ్చర్యపోలేదు. 'పేషెంటు కోరిక మేరకు తిత్తి ఉంచబడినది' అన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ మాట ఎవరూ రాయక్కర్లేదు, ముందే అచ్చేసి ఉంది. ఆ ఏడాది ఆ సంతకం పెట్టనిది ఒక్క పేషెంటే. అతను కులాసాగా ఉన్నాడట, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.