ప్రతిభారం

భూమి మీద న్యాయం ఉన్నా లేకపోయినా, నీటి మీద సమతౌల్యం ఉండి తీరాలి. ఈ మహాసత్యాన్ని గుర్తించిన ఓడ కంపెనీ, తిమింగల దర్శనానికి ఒక నియమావళి రూపొందించింది. దాని ప్రకారం తిమింగలాలు ఎడమవైపునే కనబడతాయి. (తిమింగలాలు ఇంతవరకూ అభ్యంతరం తెలపలేదు.) జనమంతా ఎడమకు చేరితే ఓడ ఒరుగుతుంది కనుక, కుటుంబానికొకరు కుడి డెక్కు మీద ప్రతిభారంగా నిలబడాలి. అక్కడ బరువు తూచరు. బాధ్యత తూస్తారు.

భర్త బదిలీ అయిన ఊరికి విమానంలో పోదామంటే, పట్టుబట్టి ఓడ ఎక్కించింది ఇల్లాలే. బడిలో పాఠ్యపుస్తకం రెండు పేజీల మీదా పరుచుకున్న తిమింగలాన్ని చూసిన నాటి నుంచీ, ఒక్కసారైనా అసలుదాన్ని చూడాలని ఆమె కోరిక.

“మీ ఇంటి ప్రతిభారం ఎవరండీ?” అని అడిగాడు సమతౌల్యాధికారి.

“అమ్మ ఉంటుందిలెండి,” అంది కూతురు, ఫోన్లోంచి తలెత్తకుండా.

“నాకసలే మోకాళ్ళ నొప్పులు,” అంది అత్తగారు. “అటైతే నిమిషం నిలబడలేను. ఇటైతే ఎంతసేపైనా ఫరవాలేదు.”

“అటైనా నీళ్ళే, ఇటైనా నీళ్ళే కదే,” అన్నాడు భర్త, తత్త్వవేత్తలా. “వీడియో తీస్తాగా, తీరిగ్గా చూద్దువుగాని.”

ఇల్లాలు కుడివైపు వెళ్ళింది. అక్కడ ఎందరో తల్లులు, ఇద్దరు పెళ్ళికాని పిన్నులు, ఒక కొత్తల్లుడు బుద్ధిగా ఖాళీ సముద్రాన్ని చూస్తున్నారు.

“నాకిది మూడోసారి,” అంది పక్కనున్న పెద్దావిడ, అనుభవం ఉట్టిపడే గొంతుతో. “చూడకపోయినా చెప్పేస్తాను. అటువాళ్ళు ‘అబ్బో’ అన్నారనుకో, వీపు కనబడినట్టు. ‘ఓరి నాయనో’ అంటే తోక లేచినట్టు.”

“మీరెప్పుడూ చూడలేదా పెద్దమ్మా?” అడిగింది ఇల్లాలు.

“వింటున్నాగా తల్లీ.”

అంతలో ఎడమవైపు నుంచి ‘అబ్బో’ వినిపించింది. ఇల్లాలి కాళ్ళు ఆమెను అడగకుండానే కదిలాయి.

“అమ్మా, ఆగండి! ఓడ ఒరిగిపోతుంది!” అంటూ అధికారి కమ్మీని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఆగలేదు. డెక్కు దాటింది, జనాన్ని తోసుకుంది, అత్తగారి భుజం మీదుగా మెడ చాచింది. నల్లని కొండ ఒకటి నీళ్ళలోంచి లేచి, నింపాదిగా ఊపిరి వదిలి, తోకను ఆకాశానికి చూపి మునిగిపోయింది.

“ఓరి నాయనో!” అంది ఇల్లాలు, అందరికన్నా గట్టిగా.

“కాస్త తప్పుకోవే, వీడియోలో పడుతున్నావు,” అన్నాడు భర్త.

ఆమె తప్పుకోలేదు. ఓడ కూడా వెంట్రుకవాసి ఒరగలేదు. కమ్మీ వదిలి పరుగెత్తుకొచ్చిన అధికారిని ఆమె తేరిపార చూసింది.

“ఏదయ్యా, ఒరగలేదేం?”

“ఒరగదమ్మా. ఇంత ఓడ, ఎందుకొరుగుతుంది?” అన్నాడతను గొంతు తగ్గించి. “ఎడమవైపు అందరికీ చోటు చాలదు, అంతే.”

“ఆ ముక్కే చెప్పొచ్చుగా!”

“చోటు లేదంటే ఒక్కరూ ఒప్పుకోరమ్మా. మీరు లేకపోతే మునిగిపోతామంటే మాత్రం, ఇంటికొకరు దొరుకుతారు.”