చెరుకు తోటలో తిమింగలం

నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వినా పరవాలేదు లెండి. మా వీధిలో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

నేను నిజామాబాదులో ఒక చిన్న గ్రంథాలయంలో పని చేస్తాను. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు డ్యూటీ. మధ్యాహ్నం ఇంట్లోనే. ఆ వేళకు మా ఆవిడ రాధాబాయి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. పక్కింటి వెంకటవ్వ, ఎదురింటి హన్మవ్వ కూడా తమ చాటలతో వచ్చి కూర్చుంటారు.

బీడీలు చుట్టేవాళ్ల చేతులకు తీరిక ఉండదు గానీ చెవులు ఖాళీయే. అందుకని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, పంతొమ్మిదేళ్లుగా నేను వాళ్లకు నవలలు చదివి వినిపిస్తున్నాను. రాధాబాయికి నేను బంగారం పెట్టింది లేదు, ఊళ్లు తిప్పింది లేదు. ఇచ్చిందల్లా ఆ చదువే.

నిరుడు, అంటే రెండువేల ఏడులో, ఇంటికి ఇంటర్నెట్ పెట్టించాను. గ్రంథాలయం పనికి అక్కరకొస్తుందన్నాను. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

తిమింగలం బరువెంతో చూద్దామని కూర్చునేవాణ్ని. అక్కణ్నుంచి రష్యా రైళ్లు, అక్కణ్నుంచి బట్టతలకు మందు. లేచేసరికి మూడు గంటలు గడిచేవి, తిమింగలం బరువు మాత్రం గుర్తుండేది కాదు. ఆరు నెలలు తిరిగేసరికి పుస్తకం తెరిస్తే నాలుగో లైనులోనే కళ్లు జారిపోయేవి. చెయ్యి ఊరికే మౌస్ కోసం తడుముకునేది.

అప్పుడు మేం ఒక నవల సగంలో ఉన్నాం. జాతరలో తప్పిపోయిన తమ్ముడి కోసం లచ్చుంబాయి అనే పిల్ల ఊరూరా తిరుగుతోంది. వాడు దొరికేదాకా వెంకటవ్వకు అన్నం సయించేలా లేదు.

నాకో ఉపాయం తోచింది. చదవడం దేనికి? పుస్తకం తెరిచి పట్టుకుని నోటికొచ్చింది చెబితే పోలా? చుట్టే ధ్యాసలో వాళ్లకేం తెలుస్తుంది!

మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజు వెంకటవ్వ చెయ్యెత్తింది. ఆమెను మా వీధిలో సీఐడీ వెంకటవ్వ అంటారు.

"ఆగు బిడ్డా. లచ్చుంబాయి మామ నిన్ననే సచ్చిపాయె గదా. ఇయ్యాల చాయ్ ఎట్ల తాగుతుండు?"

"గా మామ వేరే, గీ మామ వేరే."

"అబ్బో, ఎంతమంది మామలే ఆ పిల్లకు!" అంది హన్మవ్వ.

రాధాబాయి నా చేతిలోని పుస్తకం కేసి ఒకసారి చూసి, ఇంకో బీడీ చుట్టింది. నేను అప్పుడే భయపడాల్సింది.

ఆరో రోజు లచ్చుంబాయిని ఎడపల్లి చెరుకు తోటలోకి దింపాను. మధ్యలో నా బుర్ర ఎటు పోయిందో ఏమో, తోటలోంచి ఒక తిమింగలం బయటికొచ్చింది.

బీడీ ఆకు కత్తిరిస్తున్న హన్మవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. "చెరుకు తోటల తిమింగలమా?"

"కందకుర్తి కాడ గోదాట్లకెల్లి కాలువ పట్టుకోని వచ్చింది," అన్నాను తడబడకుండా.

"అయ్యో పాపం, గీ ఎండల దానికెంత కష్టం!" అంది రాధాబాయి. "ఏమయ్యా, జర పుస్తకంలకు సూసి గా లైను మల్ల సదువు."

చూశాను. 'గేదె ఈనిన తర్వాత పెట్టవలసిన దాణా' అని ఉంది. పేజీ తిప్పితే ఆవు పొదుగు బొమ్మ. పైన చుట్టిన పేపరు అట్ట మా నవలదే. లోపలున్నది పశుపోషణ.

"ఎప్పుడు మార్చినవే?"

"మొదటి రోజు గంటసేపు సదివినవు. ఒక్క పేజీ తిప్పలే. తెల్లారి మార్చిన."

అంటే అయిదు రోజులుగా గేదెల పుస్తకం మొహం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారైనా అందులోకి చూడలేదు.

"మరి అసలు నవల?"

"గది అయిపాయె. పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోంగనే నేనే సదివి ఇనిపిస్త. నా బీడీలు వీళ్లు తలా ఇన్ని చుడుతరు."

రాధాబాయి ఏడో తరగతి దాకా చదివింది. చేతులకు తీరిక లేకే ఇన్నేళ్లూ నాతో చదివించుకుంది.

నాకు ఒళ్లు మండింది. "అయిపోతే మరి ఇన్ని రోజులు నా ముచ్చట ఎందుకు విన్నరే? ఎక్కిరించనీకా?"

వెంకటవ్వ తల దించుకుంది. రాధాబాయి చాట తీసి పక్కన పెట్టింది. మధ్యాహ్నం పూట ఆమె చేతులు ఊరికే ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇయ్యాలన్న పుస్తకంలకు సూస్తవేమో అని," అంది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, దాస్తే ఏం లాభం?

"సరే తియ్యి. ఇంతకు తమ్ముడు దొరికిండా?" అన్నాను, కళ్లు తుడుచుకుని.

రాధాబాయి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. తెలిసిన కథే అయినా వెంకటవ్వ రెండుసార్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇప్పుడు మీరు అడుగుతారు, దొరికాడా లేదా అని. నన్నడక్కండి. ఆమె ఎదురుగా కూర్చుని చివరిదాకా చెప్పింది. నేను తల కూడా ఊపాను. ఒక్క ముక్క చెవికెక్కలేదు. మళ్లీ చెప్పమనడానికి మొహం చెల్లడం లేదు.