సింకు కోసం అని రాసిన ట్యూబు

బాత్రూం తలుపు గడియ వేసుకుని, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి ఉంచి, బజార్లో కళ్ళజోళ్ళ షాపు నడిపే కళ్ళజోళ్ళాయన ఒక ట్యూబు చుట్టూ తెల్ల కాగితం అంటిస్తున్నాడు. దాని మీద పెద్ద అక్షరాలతో "సింకు కోసం" అని రాశాడు. తొందరలో సున్నాలు కోడిగుడ్లలా వచ్చాయి.

ట్యూబులో ఉన్నది సింకుది కాదు. కారు ముందు అద్దం అతికించేది. ఆ సంగతి భార్యకి తెలియకూడదు. భార్యకి తెలిస్తే మామగారికి తెలుస్తుంది. మామగారికి తెలిస్తే ఏమవుతుందో ఊహించకుండా ఆయన కుళాయి ఇంకాస్త తిప్పాడు.

మామగారు రిటైరైన బాయిలర్ల ఇన్‌స్పెక్టరు. ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీల్లో ఆవిరి ఎక్కడ లీకవుతోందా అని వెతికిన మనిషి. ఇప్పుడు ఫ్యాక్టరీలు లేవు గనక కూతురి ఇంట్లో వెతుకుతాడు. తన పెళ్ళయిన కొత్తలో కొనుక్కున్న చిన్న కారుని, చూపు తగ్గాక అల్లుడి చేతిలో పెట్టాడు. తాళంతోపాటు ఒక హెచ్చరిక కూడా పెట్టాడు.

"అల్లుడుగారూ, అద్దం జాగ్రత్త. ఆ కంపెనీ మూతపడి పాతికేళ్ళయింది. ఇది పగిలితే ఇంకోటి దొరకదు. పగిలిన రోజు తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టేయండి, చాలు."

ఆ "చాలు" అన్న తీరుకి అల్లుడు ఇప్పటికీ కలలో ఉలిక్కిపడతాడు.

మొన్నటి వానల్లో అద్దం చుట్టూ ఉన్న రబ్బరు చీలి, సరిగ్గా మామగారి మోకాలి మీద మూడు చుక్కలు పడ్డాయి. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రెండు వారాల తర్వాత ఆదివారం పదకొండింటికి మళ్ళీ వస్తానన్నాడు.

"మెకానిక్కుకి ఇద్దామండీ," అంది భార్య.

"ఎందుకూ? రోజూ నేను చేసే పనేగా! అద్దం, ఫ్రేము. కళ్ళజోడు చిన్నది, ఇది పెద్దది. అంతే తేడా."

"కళ్ళజోడు జారితే ముక్కు ఆపుతుంది. ఇది జారితే ఎవరు ఆపుతారు?"

ఆయన కొత్త రబ్బరు తెప్పించి, అద్దం ఊడదీసి, పడకగదిలో మంచం మీద పరిచాడు. వారం రోజులు మొగుడూ పెళ్ళాం నేల మీద పడుకున్నారు. అద్దం పరుపు మీద, దుప్పటి కప్పుకుని పడుకుంది.

"రబ్బరుకి మెత్తగా ఉండేదే రాయాలండీ," అంది భార్య. "కుక్కరు మూతకి రబ్బరు వేస్తాం, జిగురేసి అతికిస్తామా? నొక్కుకుంటేనే గదా ఆగేది."

"నువ్వు కుక్కరు చూసుకో. కారు నేను చూసుకుంటా."

స్పేర్‌పార్టుల షాపాయన మూడు ట్యూబులు వరసగా పెట్టాడు. "ఇది బాత్రూంలకి సార్, కార్ల దగ్గరికి తేవద్దు, రేకు తుప్పు పడుతుంది. ఇది కొత్త కార్లకి. పావుగంటలో పట్టేస్తుంది, తర్వాత ఏనుగు లాగినా రాదు. ఈ నల్ల జిడ్డు ఎప్పటికీ ఎండదు. మీ పాత కారు రబ్బరుకి ఇదే కరెక్టు."

"ఎండని జిగురు కూడా ఒక జిగురేనా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆయన కళ్ళ ముందు మామగారి మోకాలు కదలాడింది. ఏనుగు ట్యూబే కొన్నాడు. బాత్రూంలో కాగితం అంటించింది దానికే.

ఆదివారం తొమ్మిదింటికి వాకిట్లో పని మొదలెట్టాడు. రబ్బరు గాడి నిండా ట్యూబు పిండాడు, అద్దం చుట్టూ రబ్బరు తొడిగాడు, రేకు మీద ఇంకోసారి పిండాడు. ఊపిరి బిగబట్టి అద్దం ఎత్తి కూర్చోబెట్టాడు. అప్పుడు తల ఎత్తితే కారు టాపు మీద తాడు కనబడింది.

చుట్ట చుట్టింది చుట్టినట్టే ఉంది.

రబ్బరుకి లోపలివైపు పెదవిలాంటి అంచు ఉంటుంది. అది రేకుని కరుచుకుంటేనే అద్దం నిలుస్తుంది. కరుచుకోవాలంటే ముందే దాని కింద తాడు పెట్టి, తర్వాత కారు లోపల్నుంచి లాగాలి. ఆయన పెట్టలేదు. కళ్ళజోడుకి తాడు చివర్లో కడతారు మరి!

అద్దం ఒక మూల లేచి ఉంది. చెయ్యి తీస్తే జారుతుంది. తీసి మళ్ళీ పెడదామంటే పావుగంటలో పట్టేస్తుంది, సగం పట్టాక లాగితే పటుక్కుమంటుంది. కళ్ళజోళ్ళాయన బానెట్ మీద బోర్లా పడి, రెండు చేతులూ చాపి, అద్దాన్ని కావలించుకున్నాడు. పట్టనీ, వంకరగానైనా పట్టనీ అనుకున్నాడు. ముక్కు మీద చీమ పాకింది. గోక్కునే ధైర్యం లేక దాన్ని అటు చివరిదాకా పోనిచ్చాడు.

పావుగంట అయింది. అరగంట అయింది. మెల్లిగా ఒక వేలు వదిలి చూశాడు.

అద్దం జారింది!

మళ్ళీ హత్తుకున్నాడు. ఏనుగు లాగినా రానిది వేలు తీస్తే జారడమేమిటి? చెమట కళ్ళలోకి కారుతోంది. గేటు కిర్రుమంది. ఆ చెప్పుల చప్పుడు ఆయనకి తెలుసు.

"అల్లుడుగారూ," అన్నాడు మామగారు, "కారు బెంగ పెట్టుకుందా?"

"లేదు మావయ్యగారూ... ఊరికే... పట్టుకున్నాను."

"ఎంతసేపట్నుంచి?"

"పట్టేదాకా."

గుమ్మంలోంచి భార్య సబ్బునీళ్ళ గిన్నెతో వచ్చింది. "అది ఈ జన్మకి పట్టదండీ. ఎండని నల్ల జిడ్డే అది."

"అదెలా? నేను కొన్నది..."

"మీరు కొన్నదాని మీద సింకు కోసం అని రాశారుగా. పదకొండేళ్ళలో మీరు సింకు వైపు తొంగి చూసిన పాపాన పోలేదు. అందుకే కాగితం ఊడదీసి చూశాను. షాపుకెళ్ళి నల్లది తెచ్చి, మీ కాగితం దానికి అంటించాను."

"మరి నాది?"

"రాసినట్టే వాడాను. సింకుకి."

ముగ్గురూ పట్టి అద్దం దించారు. గాడిలో తాడు వేసి, సబ్బునీళ్ళు రాసి, మళ్ళీ కూర్చోబెట్టారు. భార్య లోపల్నుంచి తాడు లాగుతుంటే, అల్లుడు బయట్నుంచి మామగారు చూపిన చోటల్లా అరచేత్తో నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు. రబ్బరు పెదవి టపటపా రేకుని కరుచుకుంది. అద్దం మీద గీత కూడా పడలేదు.

మామగారు ముందు సీట్లో కూర్చుని, మోకాలి మీద పుస్తకం తెరిచి, "నీళ్ళు కొట్టండి," అన్నాడు. పైపు పట్టుకున్న అల్లుడు ఈసారి కూడా కళ్ళు మూసుకోవడంతో, కారుతో పాటు వాకిలీ, పూలకుండీలూ తడిశాయి. పుస్తకం మాత్రం తడవలేదు.

ఆయన దిగి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. సింకు కింద వంగి, అంచంతా వేలితో తడిమాడు. వేలు పొడిగా వచ్చింది.

"దీనికి ట్యూబు ఎవరు ఎంచారు?"

"మీ అల్లుడే నాన్నా," అంది కూతురు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

"శభాష్. కారుకీ, సింకుకీ కలిపి ఇక్కడ సంతకం పెట్టండి."

కళ్ళజోళ్ళాయన తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. పక్కనే నల్ల జిడ్డుతో వేలిముద్ర కూడా పడింది.

"అయ్యో, పుస్తకం మూయకండి మావయ్యగారూ! ఆరేదాకా ఆగండి!"

"ఎంతసేపు ఆగమంటారండీ?" అంది భార్య.