గోస్తని లాంచీకి నాలుగు ప్రశ్నలు

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి సన్యాసిరాజు వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. ఏడింటికి సంఘం ఈమెయిల్ తెరవాలి. హార్బర్ ఆఫీసు నుంచి అనుమతి వచ్చిందేమో చూడాలి. ఆ తరవాత భార్య కాశమ్మ చెప్పిన వంజరం చేపకోసం బజారుకి వెళ్ళాలి.

వీటిలో చేప ఒక్కటే అనుకున్నట్టు దొరికింది.

అనుమతి సంగతి చిన్నది కాదు. గోస్తని అనే పాత లాంచీని సోమవారం తుక్కు కింద విరగ్గొట్టడానికి లాక్కుపోతున్నారు. ముప్పై ఏళ్ళపాటు అది, ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్లను ఆ ఓడల దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చింది. అందులో ఇరవై రెండేళ్ళు దానికి డ్రైవరు సన్యాసిరాజు స్నేహితుడు గురువులు. విశాఖ రేవు పక్కనున్న యారాడ కొండమీది సిగ్నల్ స్టేషన్‌లో కూర్చుని దాన్ని పంపించిందీ, పిలిపించిందీ సన్యాసిరాజు. విరగ్గొట్టేలోపు, శనివారం ఒక్క పూట, పాత సిబ్బంది ఎనిమిదిమందినీ ఎక్కించి బయటి హార్బర్ దాకా తిప్పమని రిటైరైన రేవు ఉద్యోగుల సంఘం అర్జీ పెట్టింది. జవాబు ఈమెయిల్లో వస్తుందన్నారు.

నెల క్రితం దాకా ఆ ఈమెయిల్ గురువులు చేతిలో ఉండేది. మోకాళ్ళ నొప్పుల నూనె గురించి వచ్చిన ఉత్తరంలో ఏదో నొక్కాడు. మర్నాటికల్లా సంఘంలో నలభైమందికీ గురువులు పేరు మీద నూనె ప్రకటనలు వెళ్ళాయి. ఇద్దరైతే ఖాళీ సీసాలు పట్టుకుని నేరుగా గురువులు ఇంటికే వచ్చేశారు. దాంతో సంఘం కూర్చుని, పాస్‌వర్డు సన్యాసిరాజుకి అప్పగించింది.

పోయిన ఆదివారం, కంప్యూటర్ కంపెనీలో పనిచేసే అతని కూతురు రాణి వచ్చి, చెత్త ఉత్తరాలను ఆపే ఏర్పాటు చేసింది.

"ఇదిగో నాన్నా, అనుమానం ఉన్నవి తిన్నగా నీకు రావు. క్వారంటైన్‌లో ఆగుతాయి. రోజూ పొద్దున్న ఏడింటికి వాటి లిస్టు నీకొస్తుంది. చూసి, మంచివుంటే రిలీజ్ నొక్కు. ముప్పై రోజులు దాటితే అవే చెరిగిపోతాయి."

"మరి ఈ మీట ఏటే?"

"ఎంత గట్టిగా ఆపాలో చెప్పేది. మీడియంలో పెట్టాను. దాన్ని ముట్టుకోకు."

సన్యాసిరాజు ముఖం వెలిగిపోయింది. "ఓసి పిచ్చిదానా, ఇది మా సిగ్నల్ స్టేషనే కదే!"

నిజంగానే అతనికి అలాగే కనిపించింది. ముప్పై ఒక్క సంవత్సరాలు అతను చేసిన పని అదే. సముద్రం మీద కొత్త ఓడ కనిపించగానే నాలుగు ప్రశ్నలు అడగడం. ఓడ పేరేమిటి? కడపటి రేవు, అంటే ఆఖరున ఆగి వచ్చింది, ఏది? సరుకేమిటి? మనుషులెంతమంది? మొదట్లో దీపం మినుకులతో, తరవాత వైర్‌లెస్‌లో. ఈ నాలుగింటికీ జవాబు చెప్పని ఓడ ఎంత పెద్దదైనా బయటే లంగరేసుకుని ఉండాల్సిందే. పొగమంచు పట్టిన తెల్లవారుజాముల్లో ఎక్కడో నీళ్ళ మీంచి ఒక గొంతు తన ప్రశ్నలకి జవాబు చెబుతుంటే, ప్రపంచమంతా తన గుమ్మం ముందు నిలబడి పేరు చెప్పుకుంటున్నట్టుండేది. రిటైరయ్యాక ఎవరూ అతనికి దేనికీ జవాబు చెప్పలేదు. కాశమ్మ అసలు చెప్పలేదు.

గురువారం సాయంత్రం, రాణి ముట్టుకోవద్దన్న మీటని అతను చివరిదాకా తోశాడు. సంఘం నమ్మే చిరునామాల జాబితాని ఖాళీగా ఉంచాడు. ఆగిన ప్రతి ఉత్తరానికీ దానంతటదే వెళ్ళే జవాబొకటి, అడుగున తన పేరుతో, రాసిపెట్టాడు: 'పేరు? కడపటి రేవు? సరుకు? మనుషులెంతమంది?'

పరువున్న ఏ మనిషైనా ఈ నాలుగింటికీ జవాబు చెబుతాడని అతని నమ్మకం.

శుక్రవారం ఏడింటి లిస్టులో నూటముప్పై ఆగి ఉన్నాయి. అందులో ఆనందపురంలో ఉండే బావమరిది దుర్గారావు, మనవరాలి బారసాల ఫొటోలు పంపిన ఉత్తరం కూడా ఉంది.

"మీ తమ్ముడు ఫొటోలంపాడు. క్వారంటైన్‌లో ఉన్నాడు," అన్నాడు సన్యాసిరాజు.

కాశమ్మ కంగారుపడింది. "ఏటయ్యింది వాడికి?"

"ఏటీ అవలేదు. జవాబు సెప్పలేదు, అంతే. సుట్టరికం సుట్టరికమే, డ్యూటీ డ్యూటీయే."

చేప తెచ్చాక తొమ్మిదింటికి చూశాడు. పెట్టె ఖాళీ. పదింటికీ ఖాళీయే. ఉదయపు హార్బర్‌లా ప్రశాంతంగా ఉంది. ఒక్క నూనె సీసా లేదు, ఒక్క లాటరీ లేదు. కానీ హార్బర్ ఆఫీసు జవాబు కూడా లేదు. గర్వం కాస్త తగ్గింది.

పదకొండింటికి వాకిట్లో స్కూటరు ఆగింది. గురువులు హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికొచ్చాడు.

"ఏటి బావా, నన్ను కడపటి రేవడుగుతావా నువ్వు?"

"నిన్ను నానెప్పుడడిగాను బావా?"

"గోస్తని సంగతేటయిందని పొద్దున్న మెయిలెడితే నీ దగ్గర్నుంచి ఇదొచ్చింది! సరుకేటంట! ఇరవై రెండేళ్ళు ఆ లాంచీలో నాను వండిన వంకాయ ఎండురొయ్యల కూర తిన్నావే, అదీ సరుకు! రాస్కో!"

"అది నాను కాదు, మెషీన్ అడిగింది."

"మెషీన్‌కి నేర్పిందెవుడు?"

అంతలో కాశమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. గురువులు అలిగిన మనిషే అయినా మజ్జిగ మీద అలగలేదు. కూర్చున్నాడు, కానీ గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

పన్నెండున్నరకి గుమ్మం ముందు వ్యాను ఆగింది. ముందు దుర్గారావు దిగాడు. తరవాత అతని భార్య, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, చివరికి బారసాల మనవరాలు. మొత్తం పదకొండు. వాళ్ళ వెనక ఒక పెద్ద బుట్టెడు వంకాయలు.

"బావా! ఇన్నేళ్ళకి నీకు బుద్ధొచ్చింది!" అంటూ దుర్గారావు కావలించుకున్నాడు. "ఎక్కణ్ణుంచి ఒస్తన్నారు, ఏటి తెస్తన్నారు, ఎంతమందని అంత ఇదిగా అడిగితే రాకుండా ఎలా ఉంటాం? పొద్దున్నే జవాబు రాసీసినాను. ఆనందపురం, వంకాయలు, పదకొండుమంది!"

కాశమ్మ వంటింట్లోని ఒక్క వంజరాన్నీ, వాకిట్లోని పదకొండుమందినీ చూసి, మొగుడికేసి తిరిగింది. ఆ చూపుకి ఏ క్వారంటైనూ చాలదు.

కానీ సన్యాసిరాజు ఆ చూపుని గమనించలేదు. అతని బుర్రలో వేరే గంట మోగింది. దుర్గారావు జవాబు రాశాడు. అయినా పెట్టె ఖాళీగా ఉంది. అంటే జవాబులు కూడా బయటే ఆగిపోతున్నాయి. అలాగైతే...

రాణికి ఫోన్ చేశాడు.

"నాన్నా, మీట ముట్టుకున్నావా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"సివరిదాకా."

"నమ్మకమైనవాళ్ళ జాబితాలో ఎవరూ లేకపోతే ఎవరి జవాబూ రాదు. రేపటి లిస్టుకోసం చూడకు. క్వారంటైన్ ఇప్పుడే తెరువు."

తెరిచాడు. దుర్గారావు కుటుంబమంతా వెనక మూగింది. గురువులు కూడా గోడని వదిలి, హెల్మెట్‌తోనే తెరమీదికి వంగాడు. లోన్లు, లాటరీలు, నూనెలు, బారసాల ఫొటోలు జారిపోతున్నాయి. ఉన్నట్టుండి దుర్గారావు చిన్న కోడలు వేలు పెట్టి చూపించింది.

'గోస్తని లాంచీ - చివరి ప్రయాణం.' వచ్చిన సమయం తొమ్మిదీ ఇరవై.

సన్యాసిరాజు పైకి చదివాడు. శనివారం ఉదయం ఏడింటి ప్రయాణానికి అనుమతి ఇచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా సంఘం నుంచి జవాబు రాకపోతే ప్రయాణం రద్దవుతుంది.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

గురువులు నెమ్మదిగా హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని కోపం ఎటో పోయింది. పోకుండా ఉంటేనే బాగుండేదని సన్యాసిరాజుకి అనిపించింది.

"పోన్లే బావా," అన్నాడు గురువులు. "ఇంజను స్టార్టయ్యేముందు మూడుసార్లు దగ్గేది. నీకు గుర్తుందా?"

"కొండమీదికి ఇనబడేది బావా. అది దగ్గితే నాను టీ తాగడం ఆపీసీవోణ్ణి."

"ఓసారి ఇనాలనుకున్నాను. అంతే."

సన్యాసిరాజుకి తెర మసకబారింది. ఇన్నేళ్ళూ ఒక్క ఓడనీ తప్పుగా ఆపనివాడు, ఆఖరికి తన సొంత లాంచీనే బయట ఆపేశాడు.

"మాఁవయ్యా, దీనికింద అదే అడ్రసుతో ఇంకోటుంది," అంది చిన్న కోడలు. సమయం తొమ్మిదీ నలభై.

'పేరు: గోస్తని. కడపటి రేవు: విశాఖపట్నం. మొదటిదీ అదే. సరుకు: ఏమీ లేదు, మోయడానికి సిద్ధంగా ఉంది. మనుషులెంతమంది: అది మీరే చెప్పాలి. పాతికమంది దాకా పడతారు.

సన్యాసిరాజుగారూ, మా నాన్న ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసేవారు. అన్నం పెట్టేముందు మా పిల్లలందర్నీ వరసగా ఈ నాలుగు ప్రశ్నలూ అడిగేవారు. జవాబు చెప్పకపోతే కంచం వచ్చేది కాదు. ఇవి యారాడ కొండమీది ప్రశ్నలని చెప్పేవారు. మీ జవాబు సమయానికే అందినట్టు రాసుకున్నాను. రేపు ఏడింటికి రండి. - కుసుమకుమారి, హార్బర్ ఆఫీసు.'

అతను కుర్చీ జరిపి గురువులుకి చోటిచ్చాడు. రెండోసారి గురువులు చదివాడు. చదివి, సన్యాసిరాజు వీపుమీద ఒక్కటి చరిచాడు.

"మెషీన్‌కి బాగానే నేర్పినావు బావా!"

తనతో కలిపి ఎనిమిదిమంది పాత సిబ్బంది, పదకొండుమంది ఆనందపురంవాళ్ళు, తోడుగా కాశమ్మ. మొత్తం ఇరవైమందని సన్యాసిరాజు అప్పటికప్పుడు జవాబు రాశాడు. కుసుమకుమారి చిరునామాని నమ్మే జాబితాలో మొదటి పేరుగా ఎక్కించి, మీటని రాణి చెప్పినచోటికి తెచ్చాడు. వంజరం పిల్లలకే సరిపోయింది. పెద్దవాళ్ళకి గురువులు వంకాయ ఎండురొయ్యల కూర వండాడు. మిగిలిన వంకాయలు రేపు లాంచీలోనే వండుకోవాలని తీర్మానమైంది.

శనివారం పొద్దున్న హార్బర్ గేటు దగ్గర కొత్త గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేరేటండి? ఎక్కడ్నుంచి ఒస్తన్నారు? ఆ బుట్టలో ఏటి? మొత్తం ఎంతమంది?"

"ఒక్కసారే ఇన్ని ప్రశ్నలేటి బాబూ?" అని విసుక్కున్నాడు సన్యాసిరాజు.

అవతల జెట్టీ దగ్గర గోస్తని మూడుసార్లు దగ్గింది. మనుషులందరూ పరుగెత్తి ఎక్కారు. వంకాయల బుట్ట మాత్రం, కాగితాలు లేనందువల్ల, గేటు దగ్గరే ఆగిపోయింది.