నీళ్లు చల్లడానికి అర్హతలు

ఆ రోజుకు తోటతాత వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరున్నరకు యూనివర్సిటీకి నడిచివెళ్లడం, గ్లాస్‌హౌస్ తలుపు తీయడం, పద్నాలుగు కుండీల్లోని ఫెర్న్ పిల్లమొక్కల మీద నీళ్లు చల్లడం, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి టీ తాగడం. ముప్పయ్యొక్కేళ్లు అక్కడే తోటమాలిగా పనిచేసి రిటైరైన మనిషికి ఇదేమంత గొంతెమ్మ కోరిక కాదు. నాలుగేళ్లయినా ఆయన పోస్టులో ఎవరినీ వెయ్యలేదు. పోస్టు ఖాళీ అయినంత మాత్రాన మొక్కలకు దాహం ఆగదు గనక ఆయనే రోజూ వెళ్తున్నాడు. దాన్ని స్వచ్ఛంద సేవ అంటారని ఆయనకు ఆ రోజు దాకా తెలియదు.

తోట గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. ఇవాళ్టి నుంచి వాలంటీరు కార్డు లేనివాళ్లను లోపలికి వదలకూడదట. తోటతాతకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు నిలబడ్డ నీడ నేను నాటిన చెట్టుది. నాకు కార్డేమిటి?"

వాచ్‌మన్ నొచ్చుకుంటూ గోడకు అంటించిన సర్క్యులర్ చూపించాడు. కింద సంతకం స్పష్టంగా ఉంది. అది తోటతాతకు బాగా తెలిసిన సంతకమే, మనవరాలి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా అదే ఉంటుంది. వాలంటీర్ల విభాగం అధికారి, అంటే సాక్షాత్తూ ఆయన కోడలు.

ఆయన ఇంటికి తిరిగొచ్చేసరికి కోడలు ఆఫీసుకు బయల్దేరుతోంది. గుమ్మంలోనే నిలబెట్టి కడిగేశాడు. ఒకే కప్పు కింద ఉంటూ మామగారికి ఒక్క ముక్క చెప్పకుండా ఊరందరికీ సర్క్యులర్ పంపడం ఎక్కడి మర్యాదని నిలదీశాడు. ఆదివారం చెప్పాననీ, అప్పుడాయన పేపరు అంచున ఆకుల బొమ్మ గీసుకుంటూ "ఊఁ" అన్నారనీ ఆమె నెమ్మదిగా గుర్తుచేసింది. అది నిజమే కావడంతో ఆయన కోపం రెట్టింపైంది.

"అరగంట పని, మామయ్యా. నాతో రండి. ఫారం నింపి కార్డు ఇచ్చేస్తాను."

తోటతాత గడియారం వైపు చూశాడు. మొలిచి నెల తిరగని మొక్కలవి, ఆకులు గోరంతైనా లేవు. పదకొండు దాటిందంటే ఆ అద్దాల కింద పొయ్యి మీద పెట్టినట్టే. అరగంటే కదా అని వెంట నడిచాడు.

ఆ అరగంట మొదటి పేజీకే సరిపోయింది. దరఖాస్తుదారు ప్రస్తుతం యూనివర్సిటీ ఉద్యోగి కాడని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ రాసివ్వాలి. జీతానికి చేసే పనిని ఉద్యోగి ఊరికే చెయ్యకూడదన్నది రెండో నిబంధన. ఆ సెక్షన్ తలుపులు పదింటికి గానీ తెరుచుకోలేదు. సూపరింటెండెంటు ఫైలు వెతికి, దుమ్ము దులిపి, చివరి కాగితం దాకా చదివి కళ్లజోడు తీశాడు.

"మీరింకా రిటైర్ కాలేదండీ."

విషయం ఏమిటంటే, వెళ్లేరోజున తోటతాత గ్లాస్‌హౌస్ తాళంచెవి అప్పగించలేదు. నువ్వు కాక ఇంకెవరు తీస్తారయ్యా, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు అప్పటి డైరెక్టరు. అప్పగించలేదు కాబట్టి నో డ్యూస్ కాగితం పూర్తి కాలేదు. అది పూర్తి కాలేదు కాబట్టి రిలీవింగ్ ఆర్డర్ పుట్టలేదు. కాగితాల ప్రకారం ఆయన నాలుగేళ్లుగా చెప్పాపెట్టకుండా డ్యూటీ ఎగ్గొడుతున్న ఉద్యోగి. మరి పింఛనెలా వస్తోందని అడిగితే అది వేరే సెక్షన్ అన్నాడు. వీడ్కోలు సభ ఫొటోలో నా పక్కన నిలబడింది మీరే కదా అని అడిగితే, నిలబడ్డాననీ, ఫొటో కూడా బాగా వచ్చిందనీ, అయితే ఫొటో ఫైల్లో లేదనీ చెప్పాడు.

తోటతాత జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద కొట్టాడు.

"ఇదిగో మీ సొమ్ము. ఇప్పుడైనా నన్ను ఇంటికి పంపించండి."

సూపరింటెండెంటు ఎంతో సంతోషించాడు. తాళంచెవిని కవర్లో పెట్టి, సీలు వేసి, సీలు మీద సంతకం చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. తర్వాత తీరిగ్గా రిలీవింగ్ ఆర్డర్ టైపు చేయించాడు. గ్లాస్‌హౌస్‌కు ఇంకో తాళంచెవి లేదన్న సంగతి తోటతాతకు వరండాలోకి వచ్చాక గుర్తొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఉన్న నాలుక ఇంకా పూర్తిగా ఊడలేదని కోడలి గదిలో తెలిసింది. ఆమె ఆర్డర్ చదివి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. దాని మీద తేదీ ఇవాళ్టిది. రిలీవైన ఉద్యోగి ఏడాది దాకా పాత విభాగంలో వాలంటీరుగా చేరకూడదన్నది ఏడో నిబంధన.

"ఏ మహానుభావుడు రాశాడమ్మా ఆ ఏడోది?"

"నేనే, మామయ్యా."

నిరుడు రిటైరైన ఒక అధికారి వాలంటీరుగా తిరిగొచ్చి తన పాత కుర్చీలోనే కూర్చున్నాడట. కొత్తగా వచ్చిన అధికారి మూడు నెలలు నిలబడి పనిచేశాడట. ఆయన్ను లేపడానికి ఆ నిబంధన పెట్టాల్సొచ్చిందని చెప్పింది.

"ఎవడో కుర్చీ వదలకపోతే నా కుండీలు ఎండిపోవాలా?" అని తోటతాత గొంతు పెంచాడు. వరండాలో పోయేవాళ్లు ఆగి గుమ్మం దగ్గర చేరారు. అందరినీ చూసేసరికి ఆయన గొంతు దానంతటదే తగ్గింది.

"తొమ్మిదేళ్లు తిప్పలు పడితే మొలిచాయమ్మా. అవి పెరిగిన కొండను క్వారీవాళ్లు తవ్వేశారు. ఇంకెక్కడా లేవు."

కోడలు తలెత్తి చూసింది. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. తాను రాసిన నిబంధనల పుస్తకాన్ని తానే తీసి, పరీక్ష హాలు బయట చదివే పిల్లలా మొదటినుంచి చదివింది. గ్లాస్‌హౌస్‌లో ఆరు గంటల శిక్షణ పొందినవాళ్లే అర్హులు. అలాంటివాడు ఊళ్లో ఒక్కడూ లేడు. శిక్షణ ఇచ్చేవాడికి పదేళ్ల అనుభవం ఉండాలి. ఇంకేం ఉండాలి, ఏం ఉండకూడదు అని పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది. ఏమీ లేదు. రాయడం మర్చిపోయింది.

"శిక్షకుడు వాలంటీరు కాదు, మామయ్యా. నిన్న రిటైరైనా, ఇవాళ రిటైరైనా పరవాలేదు."

"మరి నేర్చుకునేదెవరు?"

ఆమె గుమ్మం వైపు చూసింది. అంతసేపూ మామాకోడళ్ల పోట్లాట వేడుకగా చూస్తున్నవాళ్లందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. ఆమె ఖాళీ ఫారం తీసి తన పేరే రాసుకుంది.

వేసిన సీలును విప్పడానికి సూపరింటెండెంటు రెండు సంతకాలూ, ఒక నిట్టూర్పూ తీసుకున్నాడు. వాళ్లు గ్లాస్‌హౌస్ తలుపు తీసేసరికి మొహాన సెగ కొట్టింది. మూడు కుండీల్లో అప్పటికే ఏమీ మిగల్లేదు. మిగతావి తలలు వాల్చేశాయి. తోటతాత గబగబా స్ప్రేయరు నింపాడు. కోడలు అందుకుని గట్టిగా నొక్కింది. మట్టి ఎగిరి ఆమె చీర మీద పడింది.

"అది స్నానం కాదమ్మాయ్. అద్దం మీద ఊదినట్టుండాలి."

ఆమె నేల మీద మోకాళ్లూని మళ్లీ మొదలుపెట్టింది. పావుగంటకు ఒక ఆకు అంచు నిదానంగా విచ్చుకుంది. వారం రోజులుగా వీటి తలుపు మూయడానికి సంతకాలు పెట్టిన మనిషి వీటిని చూడటం అదే మొదలు. ఇంత చిన్నవా అంది మెల్లగా. తోటతాతకు కోపం పోలేదు, కాని మళ్లీ తిట్టడానికి నోరు రాలేదు.

రోజుకో అరగంట చొప్పున పన్నెండు రోజుల్లో శిక్షణ ముగిసింది. పదకొండు కుండీలూ పచ్చగా ఉన్నాయి. ఫారం చివరి పేజీలో శిక్షకుడు తన అభిప్రాయం రాయాలి. అర్హురాలని రాస్తే శిక్షణ అయిపోతుంది, శిక్షకుడి చేతిలోని తాళంచెవి మళ్లీ బీరువాలోకి పోతుంది. తోటతాత కళ్లజోడు పెట్టుకుని అంతా రెండుసార్లు చదివాడు. కోడలు కలం అందించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"నీళ్లు ఎక్కువ పోస్తుంది. మళ్లీ మొదటినుంచి నేర్పాలి" అని రాసి సంతకం పెట్టాడు.

అధికారి హోదాలో ఆమే దాన్ని ఆమోదించింది. ఇప్పటికి ఆమె నాలుగుసార్లు ఫెయిలైంది. మనిషి ఎన్నిసార్లు ఫెయిల్ కావచ్చో చెప్పే నిబంధన రాయడానికి మాత్రం ఆమెకింకా తీరిక దొరకలేదు.